రెజొల్యూట్ బే నుంచి గ్రీస్ ఫియర్డ్‌కి విమానంలో ఎంత దూరం, ఎంత సేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా పటంలో పైకి, ఇంకా పైకి పోతూ ఉంటే నునావుట్ ప్రాంతంలో రెండు చిన్న ఊళ్ళు కనిపిస్తాయి. కార్న్‌వాలిస్ ద్వీపం మీద రెజొల్యూట్ బే, ఎల్స్‌మియర్ ద్వీపం దక్షిణ తీరాన గ్రీస్ ఫియర్డ్. 2021 జనాభా లెక్కల ప్రకారం మొదటి ఊళ్ళో 183 మంది, రెండో ఊళ్ళో 144 మంది ఉన్నారు. మన వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో ఉండే జనం కూడా ఈ రెండు ఊళ్ళకీ కలిపి లేరు. అయినా వీటి మధ్య విమానం నడుస్తుంది, నడవాలి కూడా. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

ముందు సూటిగా చెప్పండి, దూరం ఎంత?

రెండు విమానాశ్రయాల మధ్య గగనమార్గంలో సుమారు 385 కిలోమీటర్లు. మైళ్ళలో 239, విమానాల వాళ్ళు వాడే నాటికల్ మైళ్ళలో 208. పోలిక కావాలంటే, శంషాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయానికి గాలిలో సుమారు 360 కిలోమీటర్లు. ఇది దానికంటే కొంచెం ఎక్కువ, అంతే.

సమయం?

గాలి పెద్దగా లేని రోజున గంటన్నర. అందులో పైకి లేవడం, కిందికి దిగడం కలిసే ఉంటాయి. శంషాబాద్ నుంచి రాజమండ్రికి ఏటీఆర్ విమానం దాదాపు గంటలో దింపేస్తుంది కదా, ఇక్కడ గంటన్నర ఎందుకంటే నడిచే విమానం వేరు. ఈ దారిలో తిరిగేది ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం. దాని మామూలు వేగం 150 నాట్లు (గంటకి 150 నాటికల్ మైళ్ళు), అంటే గంటకి 278 కిలోమీటర్లు. 385ని 278తో భాగిస్తే గంటా ఇరవై మూడు నిమిషాలు వస్తుంది. లేచేటప్పుడూ దిగేటప్పుడూ పోయే పది నిమిషాలు కలుపుకుంటే లెక్క సరిపోతుంది.

మ్యాప్‌లో చూస్తే చాలా దూరంలా కనిపిస్తోంది. 385 కిలోమీటర్లేనా?

ఈ అనుమానం అందరికీ వస్తుంది. గోడకి తగిలించే ప్రపంచ పటంలోనూ, ఫోన్‌లో చూసే మ్యాప్‌లోనూ భూమి గుండ్రాన్ని బల్లపరుపుగా సాగదీసి చూపిస్తారు. భూమధ్యరేఖ దగ్గర ఆ సాగదీత ఉండదు, ధ్రువం వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. 75 డిగ్రీల అక్షాంశం దగ్గరకొచ్చేసరికి ప్రతి దూరమూ దాదాపు నాలుగింతలుగా కనిపిస్తుంది. అందుకే ఈ 385 కిలోమీటర్లు మ్యాప్‌లో పదిహేను వందల కిలోమీటర్లంత గీతలా కనిపిస్తాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపించడానికీ కారణం ఇదే.

ఒక గ్లోబు దొరికితే దారప్పోగు తీసుకుని రెండు ఊళ్ళ మధ్య పెట్టి, అదే పోగుని మన దేశం మీద పెట్టి చూడండి. పిల్లలకి భూగోళం చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఈ దూరాన్ని నేనే లెక్కకట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. పదో తరగతి లెక్కలు చాలు. రెజొల్యూట్ విమానాశ్రయం 74.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 94.97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. గ్రీస్ ఫియర్డ్ 76.43 ఉత్తరం, 82.91 పశ్చిమం.

ఉత్తర దక్షిణాల తేడా 1.71 డిగ్రీలు. ఒక్కో అక్షాంశ డిగ్రీ అక్కడ సుమారు 111.6 కిలోమీటర్లు కాబట్టి అది 191 కిలోమీటర్లు అవుతుంది.

తూర్పు పడమరల తేడా 12.06 డిగ్రీలు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రేఖాంశపు డిగ్రీ అన్నిచోట్లా ఒకే పొడవు ఉండదు. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు. రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర ఒకే చోట కలిసిపోవాలి కాబట్టి పైకి పోయేకొద్దీ అవి దగ్గరపడుతూ వస్తాయి. ఈ రెండు ఊళ్ళ సగటు అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ 27.8 కిలోమీటర్లే. కాబట్టి 12.06 ఇంటూ 27.8, అంటే 335 కిలోమీటర్లు.

ఇక పైథాగరస్. 191 వర్గం, 335 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సుమారు 386 వస్తుంది. భూమి వంపుని కూడా లెక్కలోకి తీసుకునే అసలు సూత్రంతో వచ్చేది 385. చేత్తో కాగితం మీద చేసిన లెక్కకి ఒక్క కిలోమీటరు తేడా అంటే బాగా వచ్చినట్టే.

విమానం సరిగ్గా ఆ గీత మీదే పోతుందా?

ఇంచుమించు అంతే. మధ్యలో తప్పించుకుని పోవాల్సిన రద్దీ గగనతలమేమీ లేదు. కానీ ఈ "సరళరేఖ"లో ఒక విచిత్రం ఉంది. రెజొల్యూట్‌లో లేచినప్పుడు విమానం ముక్కు ఉత్తరం నుంచి తూర్పు వైపుకి సుమారు 54 డిగ్రీలలో ఉంటే, గ్రీస్ ఫియర్డ్ చేరేసరికి 66 డిగ్రీలు చూపిస్తుంది. పైలట్ ఎటూ తిప్పలేదు, విమానం తిన్నగానే వచ్చింది. మారింది కాళ్ళకింద ఉత్తర దిక్కే. రేఖాంశాలు అంత దగ్గరగా ముడుచుకునే చోట తిన్నగా పోతున్నా దిక్కు లెక్క మారిపోతూ ఉంటుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాకా పోతే ఈ మార్పు ఒక్క డిగ్రీ. ఇక్కడ దాదాపు పన్నెండు.

దిక్సూచి పనిచేస్తుందా అక్కడ?

మామూలు అయస్కాంత దిక్సూచిని అక్కడ నమ్మడానికి లేదు. భూమి అయస్కాంత ఉత్తర ధ్రువం ఇరవయ్యో శతాబ్దమంతా ఈ దీవుల మధ్యే తిరిగింది. ఇప్పుడు సైబీరియా వైపు జరిగిపోతున్నా, ఈ ప్రాంతంలో అయస్కాంత బలం దాదాపు నిట్టనిలువుగా నేలలోకి లాగుతుంది. ముల్లుని పక్కకి తిప్పే బలం చాలా తక్కువ కాబట్టి అది దిక్కు తోచనట్టు ఊగుతుంది.

అందుకని కెనడా ఉత్తర గగనతలంలో దిక్కులన్నీ నిజ ఉత్తరం నుంచే కొలుస్తారు. రన్‌వే అంకెలు కూడా అంతే. ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా రన్‌వే పేరు అయస్కాంత దిక్కుని బట్టి పెడితే, రెజొల్యూట్ రన్‌వే అంకె పక్కన ‘ట్రూ’ అనడానికి గుర్తుగా ‘టీ’ అని ఉంటుంది.

ఇది ఆషామాషీ విషయం కాదు. 2011 ఆగస్టు 20న ఫస్ట్ ఎయిర్ సంస్థ బోయింగ్ 737 విమానం రెజొల్యూట్‌లో దిగబోతూ రన్‌వేకి తూర్పున ఉన్న కొండని ఢీకొంది. అందులో ఉన్న 15 మందిలో 12 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలిన అనేక కారణాల్లో విమానంలోని దిక్కు చూపించే వ్యవస్థ తప్పు చూపించడం ఒకటి. ఈ ఊళ్ళ మధ్య విమానం మబ్బు చూసి ఆగిపోయినప్పుడు విసుక్కునే ముందు నాకు ఆ పన్నెండు మందీ గుర్తొస్తారు.

పెద్ద విమానం వేస్తే త్వరగా పోవచ్చు కదా?

గ్రీస్ ఫియర్డ్‌లో పెద్ద విమానం దిగడానికి చోటు లేదు. ఊరి వెనక కొండలు గోడకట్టినట్టు నిలబడి ఉంటాయి. ముందు సముద్రం. ఆ రెంటికీ మధ్య మిగిలిన కాస్త చదును నేలలోనే ఇళ్ళు, బడి, కొట్టు, రన్‌వే అన్నీ ఇమడాలి. రన్‌వే పొడవు అర కిలోమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్లకి పైనే. రెజొల్యూట్‌లో సుమారు రెండు కిలోమీటర్ల రన్‌వే ఉంది కాబట్టి అక్కడిదాకా జెట్‌లు కూడా వచ్చాయి. అయితే రెండుచోట్లా నేల తారు కాదు, కంకర.

ట్విన్ ఆటర్ ఇలాంటి చోట్ల కోసమే పుట్టింది. డి హావిలాండ్ కెనడా సంస్థ తయారుచేసిన ఈ విమానం మొదటిసారి ఎగిరింది 1965లో. రెండు టర్బోప్రాప్ ఇంజిన్లు, గరిష్ఠంగా 19 సీట్లు, రెక్కలు పైన, చక్రాలు కింద బిగించినట్టే ఉంటాయి, లోపలికి ముడవవు. అవసరమైతే చక్రాల స్థానంలో స్కీలు పెడతారు, లేదంటే రాళ్ళ మీదా బురదలోనూ దిగడానికి లావు టైర్లు వేస్తారు. నాలుగు వందల మీటర్లలోపే లేవగలదు. ఈ దారిలో చాలా ఏళ్ళుగా నడుపుతున్న కెన్ బోరెక్ ఎయిర్ సంస్థ ట్విన్ ఆటరే 2016 జూన్‌లో, అక్కడి నడి చలికాలపు చీకట్లో దక్షిణ ధ్రువం దాకా పోయి రోగులను బయటికి తీసుకొచ్చింది. అంతటి అనుభవం ఉన్నవాళ్ళు కూడా గ్రీస్ ఫియర్డ్ రన్‌వేని తేలిగ్గా తీసుకోరు.

విమానం లోపల ఎలా ఉంటుంది?

శబ్దం. మొదట తెలిసేది అదే. పక్కవాళ్ళతో మాట్లాడాలంటే చెవి దగ్గరకి వంగాలి, అందుకే చెవుల్లో పెట్టుకోవడానికి స్పాంజి బిరడాలు ఇస్తారు. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి పెద్ద విమానాల్లా ముప్పై వేల అడుగులకి పోదు, సాధారణంగా పది వేల అడుగుల లోపే ఉంటుంది. టాయిలెట్ ఉండదు. ఎక్కేముందే పని చూసుకోవాలి.

సీట్లు సగమే ఉండి, మిగతా సగంలో సామాను ఉండటం మామూలే. వల కట్టిన సరుకుల పెట్టెల వెనకో ముందో కూర్చుని పోతారు. కోటు, బూట్లు, చేతితొడుగులు అన్నీ వేసుకునే ఎక్కాలి. విమానం ఎక్కడైనా మంచు మీద దిగాల్సి వస్తే ఒంటి మీద ఉన్నవే పనికొస్తాయి. ఇంత జనం లేని ప్రాంతంలో ఎగిరే విమానాల్లో ప్రాణాలు నిలుపుకోవడానికి కావాల్సిన సామగ్రి ఉండాలని కెనడా నిబంధనలే చెబుతాయి.

పోయే దారిలో ఏం కనిపిస్తుంది?

మబ్బు లేకపోతే కళ్ళు చాలవు. లేచిన కాసేపటికి వెల్లింగ్టన్ జలసంధి. చలికాలంలో అది నీరో నేలో తెలియదు, అంతా తెలుపే. తర్వాత డెవన్ ద్వీపం. మనుషులు కాపురముండని ద్వీపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది, సుమారు 55 వేల చదరపు కిలోమీటర్లు. దారికి కొంచెం దక్షిణంగా ఆ ద్వీపంలోనే హాటన్ అనే ఉల్కాబిలం ఉంది. రాళ్ళు, చలి, పచ్చదనం లేని నేల కలిసి అంగారకుడిని తలపిస్తాయి కాబట్టి 1997 నుంచి నాసా శాస్త్రవేత్తలు వేసవిలో అక్కడ పరికరాలు పరీక్షించుకుంటున్నారు. ఆ తర్వాత జోన్స్ జలసంధి, అది దాటితే ఎల్స్‌మియర్ కొండలు.

గంటన్నర ప్రయాణంలో కింద ఒక్క ఊరు కనిపించదు. ఒక్క రోడ్డు, ఒక్క దీపం కూడా.

టికెట్ మీద పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అరగంట అన్నట్టు కనిపిస్తోంది. తప్పు పడిందా?

తప్పు కాదు. రెజొల్యూట్‌ది సెంట్రల్ టైమ్, గ్రీస్ ఫియర్డ్‌ది ఈస్టర్న్ టైమ్. గ్రీస్ ఫియర్డ్ గడియారం ఎప్పుడూ ఒక గంట ముందుంటుంది. ఉదయం 10కి రెజొల్యూట్‌లో లేస్తే గంటన్నర తర్వాత దిగేసరికి అక్కడ 12:30. మధ్యాహ్నం 1 గంటకి తిరుగు ప్రయాణం మొదలుపెడితే రెజొల్యూట్‌లో 1:30కే దిగినట్టు కనిపిస్తుంది. టికెట్ మీద వేసే సమయాలు ఎప్పుడూ ఆయా ఊళ్ళ స్థానిక సమయాలే. ఎవరినైనా రమ్మని చెప్పేటప్పుడు ఏ ఊరి టైమో కూడా చెప్పండి.

గాలి వల్ల సమయం ఎంత మారుతుంది?

నెమ్మదిగా పోయే విమానానికి గాలి దెబ్బ ఎక్కువ. లెక్క చూడండి. ఎదురుగాలి 40 నాట్లు ఉందనుకుంటే 150 నాట్ల ట్విన్ ఆటర్ నేల మీద లెక్కకి 110 నాట్లతోనే కదులుతుంది. 208 నాటికల్ మైళ్ళకి గంటా యాభై నిమిషాలు దాటుతుంది. అదే గాలి వెనకనుంచి తోస్తే గంటా ఆరు నిమిషాలు. ఒకే దారి, ఒకే విమానం, దాదాపు నలభై ఎనిమిది నిమిషాల తేడా. 450 నాట్లతో పోయే జెట్‌కైతే అదే గాలి వల్ల పోయే తేడా ఐదారు నిమిషాలే.

కాబట్టి "ఎంతసేపు" అంటే గంట నుంచి రెండు గంటల మధ్య అని మనసులో పెట్టుకోవాలి.

అంటే రెండు గంటల్లో కచ్చితంగా చేరతాం కదా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. వెబ్‌సైట్లలో దూరం, వేగం పెట్టి భాగించి "1 గంట 23 నిమిషాలు" అని చూపిస్తారు. అది విమానం గాలిలో ఉండే సమయం. మనిషి చేరడానికి పట్టే సమయం కాదు. ఈ దారిలో ఆ రెండిటికీ మధ్య రోజుల తేడా ఉంటుంది.

ముందు విమానమే రోజూ ఉండదు. వారానికి ఒకటో రెండో సర్వీసులు. సీజన్‌ని బట్టి అవీ మారతాయి. ఒక విమానం పోకపోతే తర్వాతది కొన్ని రోజులకి గానీ లేదు, అందులో అప్పటికే సీట్లు నిండి ఉండొచ్చు.

రెండోది వాతావరణం. వేసవిలో సముద్రపు మంచు విరిగి నీళ్ళు బయటపడ్డాక రెజొల్యూట్‌లో పొగమంచు కమ్ముతుంది. చలికాలంలో గాలి లేచిందంటే మంచు పొడి ఎగిరి చేతికందేంత దూరంలో ఉన్నది కూడా కనిపించదు. గ్రీస్ ఫియర్డ్‌లో కొండల మీంచి గాలి కిందికి దూకుతుంది. రెజొల్యూట్‌లో ఆకాశం నిర్మలంగా ఉన్నా అక్కడ దిగలేకపోవచ్చు.

అప్పుడేం చేస్తారు? వెనక్కి వచ్చేస్తారు. దగ్గర్లో దిగడానికి ఇంకో ఊరు లేదు కాబట్టి పైలట్ పోను రానూ సరిపడే ఇంధనం వేసుకునే బయల్దేరతాడు. గంటన్నర పోయి, కొండల చుట్టూ మబ్బు చూసి, రన్‌వే కనిపించక తిరిగి గంటన్నర ప్రయాణం చేసి, పొద్దున ఎక్కిన చోటే దిగుతారు. మూడు గంటలు, దాదాపు 770 కిలోమీటర్లు గాలిలో తిరిగి ఒక్క అడుగు కూడా ముందుకి పోనట్టు. కిటికీలోంచి తమ ఊరి కొండలు చూసి కూడా ఇంటికి చేరలేకపోవడం అంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకి తెలుసు. అయినా అక్కడ ఎవరూ పైలట్ మీద కోప్పడరు.

సామాను ఎంత తీసుకుపోవచ్చు?

సంస్థ చెప్పిన బరువుకి ఒక్క కిలో కూడా ఎక్కువ వద్దు. ట్విన్ ఆటర్ మొత్తం బరువు లేచేటప్పుడు 5,670 కిలోలు మించకూడదు. అందులో విమానం సొంత బరువు పోను, పోను రానూ ఇంధనం పోను, మిగిలిందే మనుషులకీ సరుకులకీ. ఇంధనం ఎక్కువ వేస్తే సామాను తగ్గుతుంది. గాలి ఎదురైతే ఇంధనం ఎక్కువ కావాలి. అందుకే కొన్నిసార్లు మీరు పోతారు, మీ పెట్టె తర్వాతి విమానంలో వస్తుంది. మందులు, కళ్ళజోడు, ఒక జత వెచ్చని బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

చీకటి రోజుల్లో కూడా విమానం నడుస్తుందా?

నడుస్తుంది. నవంబరు మొదట్లో మునిగిన సూర్యుడు రెండు ఊళ్ళలోనూ ఫిబ్రవరి దాకా పైకి రాడు. అక్కడివాళ్ళు మాట్లాడే ఇనుక్టిటుట్ భాషలో రెజొల్యూట్ పేరు కౌసుయిట్టుక్, అంటే తెల్లవారని చోటు. గ్రీస్ ఫియర్డ్ పేరు ఔయుయిట్టుక్, అంటే ఎన్నడూ కరగని చోటు. రెండు పేర్లూ అక్కడి చలికాలాన్ని ఉన్నదున్నట్టు చెబుతాయి. చీకటి రోజుల్లో జాప్యాలు ఎక్కువ. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా సూర్యుడు అస్తమించడు, కానీ అప్పుడు పొగమంచు బెడద. ప్రయాణానికి మంచి నెలలంటే ఏప్రిల్, మే. వెలుతురు ఉంటుంది, సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి పొగమంచు తక్కువ.

రోడ్డు మీదో, పడవలోనో పోలేమా?

రోడ్డు లేదు. రాదు కూడా, మధ్యలో సముద్రం ఉంది. వేసవి చివర్లో సరుకుల ఓడ వస్తుంది, అదీ సాధారణంగా ఏడాదికి ఒకసారి. ఇంధనం, ఇళ్ళు కట్టే సామాను, నిలవ ఉండే తిండి, బళ్ళు అన్నీ ఆ ఓడలోనే. చలికాలంలో సముద్రపు మంచు మీద స్నోమొబైల్‌తో పోయేవాళ్ళున్నారు, కానీ అది ఆ మంచుని పుట్టినప్పట్నుంచీ చదివిన వేటగాళ్ళ పని. మిగతావాళ్ళకి విమానమే దిక్కు.

ఇంత దూరాన ఆ ఊళ్ళు ఎందుకున్నాయి?

దూరం గురించి అడిగినవాళ్ళు ఇది తెలుసుకోకుండా పోకూడదు. ఈ రెండు ఊళ్ళూ వాటంతట అవి పుట్టలేదు. రెజొల్యూట్‌లో 1947లో వాతావరణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాత 1953లోనూ, 1955లోనూ కెనడా ప్రభుత్వం క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇనుక్‌జువాక్ నుంచి ఇన్యుట్ అనే ఆదివాసీల కుటుంబాలను ఓడలో ఎక్కించి ఈ చోట్లకి తెచ్చింది. కొత్త చోట బతకడం తెలిసిన కొన్ని కుటుంబాలను బాఫిన్ ద్వీపం ఉత్తరాన ఉన్న పాండ్ ఇన్‌లెట్ నుంచి కూడా తెచ్చి వాళ్ళతో కలిపింది. ఇనుక్‌జువాక్ నుంచి గ్రీస్ ఫియర్డ్ ఇంచుమించు 2,000 కిలోమీటర్లు. వేట బాగుంటుందన్నారు. నచ్చకపోతే రెండేళ్ళలో తిరిగి తీసుకుపోతామన్నారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. తమ ఊళ్ళో తినే తిండి అక్కడ లేదు. నెలల తరబడి చీకటి వాళ్ళెప్పుడూ చూడలేదు. ఒకే చోటికి పోతున్నామనుకున్న చుట్టాలను ఓడ మీదే విడదీసి వేర్వేరు చోట్ల దింపారు. ఉత్తర దీవులు తమవేనని ప్రపంచానికి చూపించుకోవాలన్న ఆలోచన దీని వెనక ఉందని ఆ కుటుంబాలు దశాబ్దాలుగా చెబుతూ వచ్చాయి.

2010 ఆగస్టులో కెనడా ప్రభుత్వం అధికారికంగా క్షమాపణ చెప్పింది. ఆ ఏడాదే రెండు ఊళ్ళలోనూ స్మారక శిల్పాలు నిలబెట్టారు. గ్రీస్ ఫియర్డ్‌లో రెజొల్యూట్ వైపు చూస్తూ ఒక తల్లి, బిడ్డ, పక్కనే ఒక కుక్క. రెజొల్యూట్‌లో ఒంటరిగా నిలబడ్డ మనిషి. విడిపోయిన కుటుంబాలు ఒకరినొకరు వెతుక్కుంటున్నట్టు. ఆ మనిషికీ ఆ తల్లికీ మధ్య ఉన్నది ఈ 385 కిలోమీటర్లే.

ఆసుపత్రికి పోవాలంటే?

రెండు ఊళ్ళలోనూ నర్సులు నడిపే ఆరోగ్య కేంద్రాలే ఉన్నాయి, ఆసుపత్రి లేదు. ఆపరేషన్, స్కానింగ్, కాన్పు, దేనికైనా విమానం ఎక్కి సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌కి పోవాలి, పెద్ద సమస్యైతే అక్కణ్ణించి ఒట్టావాకి. గర్భిణులు నెలలు నిండక ముందే, కొన్ని వారాలు ముందుగా ఇల్లు విడిచి పోయి కాన్పు కోసం ఎదురుచూస్తారు. అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే అంబులెన్స్ అంటే అక్కడ విమానమే. అది రావడానికి కూడా వాతావరణం దయ తలచాలి. ఇద్దరు ముగ్గురు ప్రయాణికుల కోసం విమానం నడపడం దండగ అనేవాళ్ళకి ఈ ఒక్క సంగతి చాలు.

ఇకాలుయిట్ నుంచి గ్రీస్ ఫియర్డ్‌కి సూటిగా పోకుండా రెజొల్యూట్ చుట్టు తిరగడం ఎందుకు?

సూటిగా పోతే 1,500 కిలోమీటర్లు. రెజొల్యూట్ మీదుగా అయితే 1,575, ఆపైన 385, మొత్తం 1,960. అంటే 460 కిలోమీటర్లు చుట్టు. కానీ ఇకాలుయిట్ నుంచి అంత దూరం ఆగకుండా వచ్చే విమానాలు గ్రీస్ ఫియర్డ్ పొట్టి రన్‌వే మీద దిగలేవు. దిగగలిగే ట్విన్ ఆటర్ అంత దూరం నిండు బరువుతో రాలేదు. పెద్ద విమానం రెజొల్యూట్‌లో దింపితే చిన్న విమానం అందుకుంటుంది. మధ్యలో ఆర్కిటిక్ బే లాంటి ఊళ్ళలో ఆగుతూ పోవడం కూడా మామూలే. మారే చోట ఒక రాత్రి ఉండాల్సి వస్తుందనుకునే బయల్దేరండి.

హైదరాబాద్ నుంచి పోవాలంటే ఎంత దూరం?

కెనడాలో ఉన్న మనవాళ్ళకి కూడా ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది. హైదరాబాద్ నుంచి టొరంటోకి గగనమార్గంలో సుమారు 12,900 కిలోమీటర్లు. అదే గ్రీస్ ఫియర్డ్‌కైతే దాదాపు 9,500. మూడు వేల కిలోమీటర్లకి పైగా దగ్గర! గ్లోబు మీద దారం పెడితే అది మధ్య ఆసియా, సైబీరియా మీదుగా పైకి పోయి, 86 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, ధ్రువం పక్కనుంచి అవతలికి దిగుతుంది.

కానీ ఆ దారిలో విమానం లేదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో టొరంటో చేరి, అక్కణ్ణించి ఒట్టావా, ఒట్టావా నుంచి మూడు గంటల్లో సుమారు 2,080 కిలోమీటర్ల దూరంలోని ఇకాలుయిట్, ఆపైన రెజొల్యూట్, ఆఖరున గ్రీస్ ఫియర్డ్. దగ్గరగా ఉన్న చోటుని దాటేసి కిందికి పోయి, మళ్ళీ పైకి ఎక్కి రావడం. అంతా కలిసొస్తే మూడు నాలుగు రోజులు. కలిసిరాకపోతే వారం.

టికెట్ ధర?

ఇకాలుయిట్ నుంచి రానూ పోనూ వేల డాలర్లలో ఉంటుంది. అంకె తరచూ మారుతుంది కాబట్టి సంస్థకే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. ఆ ధర చూసి ఆశ్చర్యపోయేముందు ఆ విమానంలో పోసే ఇంధనం ఎలా వచ్చిందో ఆలోచించండి. వేసవిలో ఓడలో వచ్చి, ఏడాదంతా ట్యాంకుల్లో నిలవ ఉండి, అప్పుడు విమానంలోకి చేరింది.

విమానం దిగాక ఎవరైనా వచ్చి తీసుకుపోతారా, టాక్సీ దొరుకుతుందా?

రెజొల్యూట్‌లో విమానాశ్రయానికీ ఊరికీ మధ్య ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. బస చేసే చోటుకి ముందే చెప్పి పెట్టుకుంటే బండి పంపుతారు. గ్రీస్ ఫియర్డ్‌లో ఆ గొడవ లేదు, రన్‌వే ఊళ్ళోనే ఉన్నట్టు. కొండల వైపు నుంచి ఇంజిన్ల మోత వినబడగానే జనం స్నోమొబైళ్ళ మీదా, నాలుగు చక్రాల బళ్ళ మీదా బయల్దేరతారు. విమానం కంకర మీద ఆగి, ఫ్యాన్లు తిరగడం మానేసేసరికి తలుపు ముందు చిన్న గుంపు. ఆసుపత్రి నుంచి వచ్చే అమ్మమ్మ కోసం కొందరు, కొట్టుకి రావలసిన పాలు, పండ్ల పెట్టెల కోసం కొందరు, ఎవరూ రాకపోయినా ఎవరొచ్చారో చూద్దామని కొందరు. మీరు కొత్తవాళ్ళైతే పేరు అడుగుతారు. ఎక్కడ ఉంటారో చెప్తే మీ సంచి ఎవరో ఒకరు బండిలో పెట్టేస్తారు.